పురుగుల కోసం సైకిలు కొని నా చేతి నరం చెడగొట్టుకున్నాను

ఆ రోజు పొద్దున్నే ట్రేలో కుడిచెయ్యి ఆనించి, ఈకతో పట్టుపురుగులను ఒక పక్కకు తోస్తున్నాను. చెయ్యి ఎత్తి చూస్తే చిటికెన వేలి కింద మూడు పురుగులు నలిగి అంటుకుని ఉన్నాయి. చల్లగా, తడిగా తగలాలి కదా, ఏమీ తెలియలేదు. పక్క వేలితో రుద్ది చూశాను. అదీ సగం మొద్దుబారి ఉంది. అప్పటికి ఇరవై ఏళ్లుగా పురుగులు సాకుతున్నాను. చేతికింద పురుగు నలిగింది నాకు తెలియకపోవడం అదే మొదటిసారి.

ఇది తొమ్మిదో తరగతి చదివే మా మనమరాలు రాస్తోంది. నేను చెప్పినట్టే రాయమన్నాను. నాకు కోపం వచ్చిన చోట మాటలు మెత్తబరచొద్దని కూడా చెప్పాను.

మాది పెనుకొండ దాపున ఒక ఊరు. మా పక్క హిందూపురం పట్టుగూళ్ల మార్కెట్‌ను నమ్ముకుని పట్టుపురుగులు పెంచే ఇళ్లు చాలా ఉన్నాయి. గుడ్డులోంచి వచ్చిన పురుగు చీమంత ఉంటుంది. గూడు కట్టేలోపు నాలుగుసార్లు మేత మాని, కదలకుండా పడుకుని, చర్మం విడుస్తుంది. దాన్ని మేము జ్వరం అంటాం. రెండు జ్వరాలు దాటేదాకా నేను మా ఇంట్లో సాకి, తర్వాత రైతుల ఇళ్లకు చేరుస్తాను. ఈ చిన్నప్పటి పెంపకాన్నే చాకీ అంటారు. నలభై ఇళ్ల పంట నా చేతి మీద మొదలయ్యేది. ఇది నా సొంత పని. మా ఆయన సేద్యం ఆయనది.

పురుగులను మోసేది సైకిలు మీదే. మోపెడ్ మీద పెడితే పొగ, పెట్రోలు వాసన. ఆ వాసనకు పురుగు మేత ముట్టదు. ఆ ఊళ్లకు బస్సు ఒక పూట వస్తే ఇంకో పూట రాదు. నాలుగు ట్రేలు ఒకదాని మీద ఒకటి పెట్టి, పైన తడి గోనెపట్టా కప్పి, ఎండెక్కేలోపు చేర్చాలి. కొంతదూరం తారు రోడ్డు, తర్వాత గరుసు బాట, మధ్యలో వంక ఇసుక, ఆ పైన రాళ్ల గట్టు. పోయిరావడం ముప్పై కిలోమీటర్లు. నా పాత నల్ల సైకిలు మీద గట్టు ఎక్కేసరికి కుదుపుకు పురుగులన్నీ ట్రేలో ఒక మూలకు జారిపోయేవి. పురుగులు ఎగుడుదిగుడుగా ఎదిగాయని రైతులు సణిగేవాళ్లు.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో, హిందూపురం బజారులోకి లావు టైర్ల గేరు సైకిళ్లు వచ్చాయి. కొండలెక్కే సైకిలు అని బోర్డు కూడా పెట్టారు. ముందొక స్ప్రింగు, సీటు కింద ఇంకో స్ప్రింగు. డబుల్ షాక్ అంటారట. నేనేం చేశానో చెబుతాను, నవ్వుకోండి. ఇంటినుంచి ఒక ట్రే, అందులోకి రెండు శేర్ల రాగులు తీసుకుపోయాను. షాపులో ఉన్న సైకిళ్లలో ఒక్కోదాని హ్యాండిలు మీద ట్రే కట్టి, పక్కనున్న కాలువ మోరీ రాళ్ల మీదుగా తోలి, రాగులు ఎన్ని చిందాయో చూశాను. డబుల్ షాక్ మీద గుప్పెడు కూడా చిందలేదు. అదే కొన్నాను. ఆ పరీక్షలో పురుగులు ఉన్నాయి, రాగులు ఉన్నాయి, నా ఒళ్లు మాత్రం లేదు.

ఆ సైకిలు ఆరడుగుల మగవాడి కొలత. నేను ఐదడుగులు కూడా లేను. హ్యాండిలు అడ్డకర్రలా తిన్నగా, దూరంగా, సీటు కన్నా కిందకి ఉండేది. చేతులు చాచి దాని మీద పడుకున్నట్టు తొక్కాలి. ఆ మాటే అంటే షాపాయన నవ్వాడు.

"వారం తొక్కుక్కా, అదే అలవాటైపోతాది. ఆడోళ్లకు అన్నీ అనుమానాలే."

వెనక స్ప్రింగు ఉంది కాబట్టి క్యారియర్ బిగించడానికి చోటు లేదు. వెల్డింగు అంగట్లో హ్యాండిలు మీదికి ఒక ఇనుప చట్రం చేయించి ట్రేలు ముందర పెట్టుకున్నాను. అంటే నా బరువు, ట్రేల బరువు రెండూ అరచేతుల మీద. గట్టు దిగేటప్పుడు చట్రం పక్కకు లాగేది, నేను బిగించి పట్టేదాన్ని. పురుగులు మాత్రం పల్లకిలో పోయినట్టు పోయేవి. ఆ ఏడు రైతులు నన్ను మెచ్చుకున్నారు. నేనూ ఊరంతా ఆ సైకిలు గొప్ప చెప్పుకున్నాను.

నాలుగైదు నెలలకు చేతికింద పురుగులు నలిగాయి. సన్నగా ఆకు కోసే కత్తి జారడం మొదలైంది. రవిక హుక్కు పెట్టుకోవడానికి ఎడమ చెయ్యి తోడు కావలసి వచ్చింది.

మొదట హిందూపురంలో ఒక డాక్టరు దగ్గరికి పోయాను. చీటీ మీద పేరు, వయసు, ఊరు అడిగి, ఆ పక్కన ఇంకేదో తనే రాసుకున్నాడు. రక్తం తీయించాడు. షుగర్ లేదు. చిన్న పురుగులకు ఆకు సన్నగా కోస్తాను సార్, అప్పుడు కత్తి నిలవడం లేదు అని చెప్పబోయాను. ఇంట్లో కూరగాయలు తరిగేది ఎవరికైనా ఉండే పనే కదమ్మా అన్నాడు. వయసు మీద పడుతోంది, నెలసరి ఆగే టైము, విటమిన్ డెఫిషియన్సీ అన్నాడు. పది బీ-ట్వెల్వ్ ఇంజెక్షన్లు రాశాడు. పదీ వేయించుకున్నాను. నడుం కింద గడ్డలు కట్టాయి కానీ వేళ్లలో ఏ మార్పూ లేదు.

ఆ చీటీలో ఆయన రాసిన ఇంగ్లీషు మాట ఏమిటో నాకు అప్పుడు తెలియదు. తెలిసి ఉంటే అక్కడే అడిగేదాన్ని.

తర్వాత అదే ఊళ్లో ఎముకల డాక్టరు. ఆయన మొదటి చీటీ చూసి, ఎక్స్‌రే తీయించి, మెడ ఎముకలు అరిగాయి, సర్వైకల్ స్పాండిలోసిస్ అన్నాడు. మెడకు పట్టీ ఇచ్చాడు. "బిందెలు నెత్తిన మోయొద్దమ్మా, బట్టలు పిండొద్దు" అని చెప్పాడు. మా ఇంట్లో బోరింగు పెట్టి పదేళ్లయింది. బిందె నెత్తిన పెట్టుకుని నేను పోయింది ఎప్పుడో. అయినా ఆయనను ఏమనాలి, ఆయన ముందర ఉన్న కాగితంలో ఆ కథే ఉంది.

నేనూ సైకిలు మాట ఎత్తలేదు. అది నా తప్పే. ఆకు కోయడం వల్ల వచ్చిందేమో అనుకున్నాను, నా తలరాతేమో అనుకున్నాను. పురుగులకే కుదుపు తగలనివ్వని బండి మీద అనుమానం ఎట్లా వస్తుంది?

ఆ మెడ పట్టీ వేసుకుని రెండు నెలలు సైకిలు తొక్కాను. మెడ వంగదు, కింద బాట కనపడదు. చూడాలంటే నడుం నుంచి మొత్తం ముందుకు వంగాలి. అరచేతుల మీద బరువు ఇంకా పెరిగింది. జబ్బును పెంచడానికే ఆ పట్టీ ఇచ్చారా అన్నట్టుగా ఉండేది.

ఒకరోజు ముత్యాలప్ప అనే రైతుకు పురుగులు తీసుకుపోతున్నాను. మనిషి నెమ్మది, ఆయన పంట ఎప్పుడూ నా దగ్గరి పురుగుతోనే. వంకలోకి దిగే వాలులో బ్రేకు పట్టుకోబోతే కుడిచేతి వేళ్లు మూసుకోలేదు. మూసుకుంటున్నాయనే అనుకున్నాను, అదే ఘోరం. సైకిలు పోయి ఇసుకలో తల పెట్టింది. మోకాలు గీరుకుపోయింది, దాని సంగతి వదిలెయ్యండి. నాలుగు ట్రేలూ బోర్లాపడ్డాయి. ఇసుకలోంచి పురుగులను ఏరుకుందామని కూర్చున్నాను. ఏరడానికి వేళ్లు పట్టు ఇవ్వలేదు. అప్పటికే చీమలు వచ్చేశాయి.

ముత్యాలప్ప వెతుక్కుంటూ వచ్చాడు. అప్పటికే ఆకు కోయించి, ఇల్లు కడిగి, సున్నం చల్లి సిద్ధం చేసుకుని ఉన్నాడు. ట్రేల వైపు చూశాడు, నా చెయ్యి చూశాడు.

"పురుగులు పోతే పోయినాయిలేమ్మా. ఈ సెయ్యి యాల ఇట్ల సన్నబడింది?"

అప్పుడు చూసుకున్నాను. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య కండ గుంట పడింది. ఇద్దరు డాక్టర్లు పట్టుకుని చూసిన చెయ్యి ఇది. ఆ గుంట సొప్పు కోసే రైతు కంట పడింది. సొప్పు అంటే మా వైపు మల్బరీ ఆకు. మా ఇంట్లో మేము పెంచుకోవడానికి ఉంచుకున్న పురుగులను ఆయనకు ఇచ్చేసి, ఆ పంట మేము వదులుకున్నాం.

మా ఆయన ఇక చాలించమన్నాడు. ట్రేలు ఎవరికైనా ఇచ్చేసి ఇంట్లో కూర్చో, రెండు పూటలా నేను పెడతాను అన్నాడు. మంచి మనసుతోనే అన్నాడు. కానీ ఆ మాట నాకు జబ్బుకన్నా ఎక్కువ నొప్పి పెట్టింది. చెయ్యి పోతే నాకు పని పోతుంది. నలభై ఇళ్లవాళ్లు నన్ను పేరు పెట్టి పిలిచేది ఆ పని వల్లే.

బెంగళూరులో పెద్ద ఆస్పత్రికి పోయాం. నరానికి కరెంటు పెట్టి చూసే టెస్టు చేశారు, ఎన్‌సీఎస్ అంటారు. తర్వాత సూదితో కండలోకి ఇంకో టెస్టు. ఓర్చుకున్నాను. డాక్టరు కన్నడంలో, మధ్యమధ్య ఇంగ్లీషులో చెప్పాడు. అల్నార్ నర్వ్ కంప్రెషన్, మణికట్టు దగ్గర. చిటికెన వేలికి పోయే నరం అక్కడ నలుగుతోంది, మెడలో ఏమీ లేదు అన్నాడు. ఏడాదిలో ఒక్క నిజమైన మాట వినిపించినందుకు ఆయనకు దండం పెట్టాను. ఎందుకు నలిగింది సార్ అంటే, కొన్నిసార్లు కారణం ఉండదమ్మా, మూడు నెలలు చూద్దాం, తగ్గకపోతే సర్జరీ అన్నాడు. ఫైలులో మొదటి చీటీ చూసుకుని, ఇంటి పని తగ్గించుకోమని చెప్పి పంపేశాడు. కారణం ఉండదట. ఆస్పత్రి బయట బస్సు కోసం నిలబడి ఏడ్చాను.

ధర్మవరంలో మా చిన్నమ్మ కూతురు ఉంది, వాళ్లది మగ్గం ఇల్లు. మగ్గం పనితో నడుములు, చేతులు పట్టేసినవాళ్లకు అక్కడొక ఫిజియోథెరపిస్ట్ అమ్మాయి వ్యాయామం చేయిస్తుందని చెప్పి తీసుకుపోయింది. ఒక ఆస్పత్రిలో చిన్న గది, గోడకు ఒక రబ్బరు తాడు, రెండు మంచాలు. ఆ అమ్మాయి ఫైలు తెరవలేదు. నా అరచెయ్యి తిప్పి వెలుతురుకు పెట్టుకుంది.

"ఏం పని చేస్తావమ్మా నువ్వు? మగ్గమా, అచ్చుకు పోగులు అతికేదా?"

ఏడాదిలో నన్ను ఆ మాట అడిగింది ఆమె ఒక్కతే. మగ్గం మనుషులతో రోజూ మసిలే పిల్ల కాబట్టి ముందు పని అడగడం ఆమెకు అలవాటు. చాకీ పురుగులు అని చెప్పాను. మరి ఈ కాయ ఎట్లా వచ్చింది అని అరచేతి మడమ మీద నొక్కింది. చిటికెన వేలి వైపు, మణికట్టుకు ముందర, చర్మం బూరెలా ఉబ్బి గట్టిపడి ఉంది. ఒక కాగితం ఇచ్చి బొటనవేలితో చూపుడువేలితో పట్టుకోమని లాగింది. కాగితం వచ్చేసింది. అప్పుడు ఫైలు తీసి మొదటి చీటీ చూసి, గట్టిగానే చదివింది. హౌస్‌వైఫ్.

"ఇది ఎవరు రాసినారమ్మా? ఇట్లాంటి కాయ ఇంటి పనికి రాదు. దేని మీదో గంటలకొద్దీ ఆనుకుంటాండావు నువ్వు."

సైకిలు అని అప్పుడు నోట్లోంచి వచ్చింది. ఆ సైకిలు తీసుకురా, ట్రేలు కూడా తీసుకురా అంది.

మా ఆయన బస్సు టాపు మీద కట్టుకుని తెచ్చాడు. ఆస్పత్రి ముంగిట్లో, కట్లు కట్టుకున్నవాళ్లు, మగ్గం వాళ్లు చూస్తుండగా, ట్రేల్లో ఇటుక ముక్కలు పెట్టి నన్ను ఎక్కించింది. పక్కన నడుస్తూ నా మణికట్టు, మోచెయ్యి, వీపు చూసింది. చాలు దిగమ్మా, నీ జబ్బు ఇక్కడే ఉంది అంది. ఆ ముంగిట్లో నాకు వచ్చిన కోపం ఎవరి మీదో చెప్పలేను. షాపాయన మీద, డాక్టర్ల మీద, రాగులు పోసి చూసిన నా మీద కూడా.

మూడు నెలలు సైకిలు ముట్టకూడదు. ఆ మూడు నెలలు పురుగులను ఆటోలో, పొగ తగలకుండా తడి గోనెపట్టా చుట్టి పంపాను. మణికట్టుకు రాత్రిపూట పట్టీ. రబ్బరు బంతి నొక్కడం, వేళ్ల మధ్య కాగితం పట్టుకోవడం, శనగలను ఒక గిన్నెలోంచి ఇంకో గిన్నెలోకి ఏరడం. నెల తర్వాత కాస్త స్పర్శ వచ్చింది. అప్పుడే ఒక పిచ్చి పని చేశాను. రెండో జ్వరం దాటింది, పురుగు ఆగదు, ఆటో దొరకలేదు. ఒక్కసారే కదా అని అదే సైకిలు మీద రెండు ఊళ్లు తిరిగి వచ్చాను. మూడు రోజులు చెయ్యి మళ్లీ చచ్చుబడింది. ధర్మవరం పోయి చెప్పుకుంటే ఆ అమ్మాయి తిట్టలేదు. నరం రోజుకు వెంట్రుకంత పెరుగుతుందమ్మా, నువ్వు ఒక్క రోజులో నెల వెనక్కి తెచ్చినావు అంది. తిట్టి ఉంటే బాగుండేది.

సర్జరీ తప్పింది. మూడు నెలలు నిండాక కొత్త సైకిలు. అదే హిందూపురం షాపుకే పోయాను, ఇంకోచోటికి పోతే నేను ఓడినట్టు. ఆ అమ్మాయి చెప్పినవన్నీ మనసులో పెట్టుకుని పోయాను. నిలబడితే అడ్డగొట్టానికీ నాకూ మధ్య జానెడు ఖాళీ ఉండాలి. సీటు మీద కూర్చుంటే మోచెయ్యి కొంచెం వంగి ఉండాలి, మణికట్టు తిన్నగా ఉండాలి. హ్యాండిలు సీటు కన్నా ఎత్తులో, నా వైపు కొంచెం వంగి ఉండాలి. బరువంతా వెనక క్యారియర్ మీద. స్ప్రింగులు వద్దు.

షాపాయన ఊరుకోలేదు. స్ప్రింగు లేని బండి రాళ్లలో యాడ పోతాదక్కా, పాత కాలానికి పోతాండావే అన్నాడు. నేను లావు టైర్లున్న మామూలు చట్రం సైకిలు ఒకటి చిన్న కొలతలో బయటికి తీయించి, టైర్లలో గాలి తగ్గించమన్నాను. బొటనవేలితో నొక్కితే కొంచెం లోపలికి పోయేంత. క్యారియర్ మీద స్పాంజి, దాని మీద ట్రేలు, ట్రేల్లో రాగులు. ఈసారి మోరీ దగ్గర ఆగలేదు. ఊరు దాటి గరుసు బాట మీద, చెరువు కట్ట మీద గంటన్నర తొక్కి వచ్చాను. రాగులు కొన్ని చిందాయి. చేతిలో తిమ్మిరి లేదు. పురుగులకు కావలసిన మెత్తదనం చాలామటుకు ఆ లావు టైర్లలోనే ఉంది, దానికి స్ప్రింగుల హంగు అక్కర్లేదు. గట్టు ఎక్కడానికి వెనక ఐదు గేర్లు చాలు. ముందర మూడు, వెనక ఆరు అని అమ్మేవన్నీ మా గరుసు దుమ్ములో నెలకోసారి మొరాయించేవే. హ్యాండిలు మార్చనని ఆయన మొండికేశాడు.

"కంపెనీ బిగించిన హ్యాండిలు నేనెట్ల మారుస్తా?"

"కంపెనీ నా సెయ్యి సూసి బిగించిందేమప్పా? మారిస్తే కొంటా, లేకుంటే నీ బండి నీ దగ్గరే ఉండనీ."

మార్చాడు.

అదే రోజు, కొత్త సైకిలు బయట నిలబెట్టి, మొదటి డాక్టరు దగ్గరికి పోయాను. వరుసలో కూర్చుని నా వంతు వచ్చాక చీటీ బల్ల మీద పెట్టాను. ఈ మాట కొట్టేసి నా పని రాయండి సార్ అన్నాను. పాత చీటీతో ఇప్పుడేం పనమ్మా, తగ్గింది కదా అన్నాడు. తగ్గింది సార్, మీరు రాసిన మాట వెంట మూడు ఆస్పత్రులు తిరిగాక తగ్గింది అన్నాను. బెంగళూరు దాకా అందరూ అదే చదివి నన్ను బిందెల మీద, బట్టల మీద పడేశారు, నేను పురుగులు మోస్తూ ముప్పై కిలోమీటర్లు తొక్కుతానని ఎవరికీ తెలియలేదు అన్నాను. ఇల్లు చూసుకునేవాళ్లను తక్కువ చేసి కాదు, వాళ్లనైనా ఏం పని ఎట్లా చేస్తావని అడగాలి కదా అని కూడా అన్నాను. బయట వరుసలో వాళ్లు వింటున్నారు. ఆయన పెన్ను తీసి ఆ మాట కొట్టేసి పక్కన ఇంకో మాట రాశాడు. తప్పయిందని అనలేదు. నెక్స్ట్ అన్నాడు. ఆ కోపం నాకు ఇప్పటికీ ఉంది, తగ్గించుకోవాలని కూడా లేదు.

ఇప్పుడు దూరం ఊళ్లకు ఆటోలు పోతున్నాయి. దగ్గరి ఆరు ఊళ్లకు నేనే పోతాను, వారంలో మూడు రోజులు. అరగంటకోసారి దిగి చెయ్యి విదిలిస్తాను, పట్టు మారుస్తాను. బొటనవేలి పక్క గుంట చాలావరకు పూడింది. చలికాలంలో చిటికెన వేలు పక్కవేలికి చేరదు, దూరంగా నిలబడి ఉంటుంది. అది ఇక అంతేనట. ఈకతో పురుగులను తోసేటప్పుడు చేతికింద అవి కదిలేది తెలుస్తోంది. నాకది చాలు.

సైకిలు కొనేవాళ్లకు ఒక మాట. షాపు ముందర సిమెంటు మీద రెండు చుట్లు తిప్పి కొనకండి. రోజూ మోసే బరువు కట్టుకుని, రోజూ పోయే బాటలో కనీసం గంటసేపు తొక్కండి. దిగిన వెంటనే ఒక కాగితం బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య బిగించి, ఇంకొకరిని లాగమనండి. తర్వాత చిటికెన వేలి కొన గిల్లి చూసుకోండి. కాగితం జారినా, వేలు మొద్దుగా ఉన్నా, ఆ బండి కొండలెక్కేదైనా సరే, అక్కడే పెట్టేసి రండి. కొనేశాక తెలిస్తే ఆ రోజే డాక్టరు దగ్గరికి పోండి. పోయేటప్పుడు సైకిలు తోసుకుంటూ పోండి.